చెనక్కాయ కలుపు తీసి లేచాక పాదం వాలిపోతే: తెగింది ఎక్కడ?

హంద్రీ_గట్టు · ఉదయం 6:40
చెనక్కాయలో కలుపు మొదలైతే కళ్యాణదుర్గం, ఉరవకొండ వైపు ఏటా వినబడే మాట ఇది: "పొద్దన్నుంచి గొంతుక్కూర్చుని కలుపు తీసినా. లేచేసరికి ఎడమ పాదం వాలిపోయింది, చెప్పు కాలికి నిలబడల్యా." ఇంట్లో మొదట అనేది పక్షవాతం. ఆ వెంటనే పసరు మందు, అది పనిచేయకుంటే బలానికి సూదులు. పాదాన్ని చేత్తో పట్టుకుని చూసేవాళ్లు తక్కువ.

తెలిసినవాళ్లు మూడు విషయాలు రాయండి. పాదం ఎత్తాలన్న ఆజ్ఞ ఏ దారిన పోతుంది? ఏ చోట తెగితే ఏం కనబడుతుంది? ఊర్లో, మంచం మీద కూర్చోబెట్టి ఎంతవరకు తేల్చుకోవచ్చు? ఒక్క మనవి: "నరాల బలహీనత" అనే మాట ఈ థ్రెడ్‌లో వద్దు. దానికి ఏ అర్థమూ లేదు.

పెన్న_ఒడ్డు · ఉదయం 7:55
జువాలజీ చెప్పేవాణ్ణి కాబట్టి దారి వరకు నేను రాస్తాను. వైద్యం డాక్టర్లు చూసుకోండి.

మెదడులో కదలికల పట్టీ నడినెత్తి నుంచి చెవి వైపు దిగుతుంది. అందులో చేతికీ ముఖానికీ పక్కభాగం, పాదానికి మాత్రం రెండు అర్ధగోళాల మధ్య చీలికలోకి దిగే లోపలి అంచు. పక్షవాతంలో ఎక్కువగా మూసుకుపోయే రక్తనాళం పక్కభాగానికి పోయేది. అందుకే ముఖం, చెయ్యి ఎక్కువ దెబ్బతిని, కాలు కొంచెం మేలుగా ఉంటుంది. ముఖం, మాట, చెయ్యి అన్నీ బాగుండి ఒక్క పాదమే వాలిందంటే మెదడును అనుమానించేది చివర్న.

ఆ పట్టీ నుంచి బయల్దేరిన పోగుల్లో ఎక్కువ భాగం మెడకు పైన, మెడుల్లా అడుగున అవతలి పక్కకు దాటుతాయి. వెన్నుపాములో దిగి, ఎల్4, ఎల్5 (ఎల్ అంటే లంబార్, నడుము భాగం) ఖండాల ముందు కొమ్ములో ఉన్న నాడీకణాలకు కబురు అందిస్తాయి. ఇక్కడ చాలామంది పొరబడతారు. ఎల్5 అనగానే నడుము అడుగు అనుకుంటారు. వెన్నుపాము ఎల్1, ఎల్2 ఎముకల దగ్గరే ముగిసిపోతుంది కాబట్టి ఈ కణాలు పక్కటెముకల చివరకు ఎదురుగా ఉంటాయి. అక్కణ్ణుంచి వేరు కిందికి జారి, నడుములో బయటికొచ్చి, పిరుదు, తొడ వెనక, మోకాలి వెనక మీదుగా ముంగాలిలో పాదాన్ని పైకెత్తే టిబియాలిస్ ఆంటీరియర్ కండరం దాకా పోయేది ఒకే కణం తాలూకు ఒకే పోగు. పొడవు దాదాపు మీటరు. కణం పొట్ట మైక్రోమీటర్లలో ఉంటే తోక మీటరు పొడవు. దాని మరమ్మతు సామాను మొత్తం ఆ పొట్టలోనే తయారై కిందికి రావాలి. దారిలో ఎక్కడ నొక్కుకుపోయినా ఆ కిందిది ఎందుకు కష్టాల్లో పడుతుందో దీన్నిబట్టే తెలుస్తుంది.

కాలి నరంలో వేగం సెకనుకు 40 నుంచి 50 మీటర్లు. అంటే వెన్నుపాము నుంచి కండరానికి సుమారు 20 మిల్లీసెకన్లు, మెదడు నుంచి లెక్కేస్తే 30 దాకా.

చివర్న నరానికీ కండరానికీ మధ్య ఖాళీ ఉంటుంది, దాదాపు 50 నానోమీటర్లు. కరెంటు ఆ ఖాళీ దాటదు. నరం కొసలోకి కాల్షియం దూరితే ఎసిటైల్‌కోలిన్ తిత్తులు పగిలి, ఆ రసాయనం అవతలి గట్టుకు చేరి, కండరం పొరలో కొత్త కరెంటు పుట్టిస్తుంది. పని కాగానే ఎసిటైల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైము దాన్ని ముక్కలు చేసి ఊడ్చేస్తుంది. ఆ ఎంజైమును ఆపేసేవే మన పొలాల్లో కొట్టే ఆర్గానోఫాస్ఫేట్ మందులు. దాని సంగతి మళ్లీ వస్తుంది.

ఒక నాడీకణం, అది నడిపే కండరపోగులు అన్నీ కలిపి ఒక మోటార్ యూనిట్. కనుగుడ్డును తిప్పే కండరాల్లో ఒక్కో కణం కింద పదీ ఇరవైకి మించి పోగులుండవు. పిక్కలో ఒక్కో కణం కింద వెయ్యికి పైనే. సన్నపని, మోటుపని తేడా అంతా ఇక్కడే. పని తేలికైతే చిన్న యూనిట్లు ముందు లేస్తాయి, బరువు పెరిగేకొద్దీ పెద్దవి వచ్చి కలుస్తాయి. ఈ వరుస తారుమారు కాదు.

గండికోట_గాలి · ఉదయం 8:20
సార్, కండరంలో ఇంధనం మాట వదిలేశారు. ఏటీపీ అయిపోతే పాదం పడిపోదా?

పెన్న_ఒడ్డు · ఉదయం 8:41
పడిపోదు. ఏటీపీ అడుగంటితే కండరం వదులుకాదు, బిగుసుకుంటుంది. కండరాన్ని ముడిచే రెండు ప్రొటీన్లలో మయోసిన్ తల ఆక్టిన్‌ను వదలాలంటేనే ఏటీపీ కావాలి, చచ్చిన శరీరం కట్టెలా బిగిసేది అందుకే. ఉన్న ఏటీపీ కొన్ని సెకన్లకే చాలుతుంది, ఆ వెంటనే దాన్ని నింపేది ఫాస్ఫోక్రియాటిన్. దాన్ని కండరంలో కనిపెట్టి 1927లో ప్రకటించిన ఇద్దరిలో ఒకరు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, రెండోవారు ఫిస్క్. కండరానికి లాక్టిక్ ఆమ్లమే ఆధారం అన్న లెక్కకు 1922 నోబెల్ ఇచ్చి ఐదేళ్లు తిరగకముందే ఆ లెక్కను కదిలించినాయన. పాఠ్యపుస్తకంలో ఆయనకు దక్కింది ఒక లైను.

సరే, పాదానికి వద్దాం.

ఆకుతోట_42 · ఉదయం 9:05
గొంతుక్కూర్చుంటే తిమ్మిరి అందరికీ ఎక్కుతుంది. రక్తం ఆగుతుంది, లేచి నాలుగడుగులేస్తే పోతుంది. ఇది వారాలైనా ఎందుకు పోదంటారు?

నరాల_వార్డు · ఉదయం 10:30
ఆ రెండూ వేరు వేరు సంగతులు.

మామూలు తిమ్మిరిలో నరానికి రక్తం తగ్గి కబురు ఆగుతుంది. రక్తం రాగానే నిమిషాల్లో తిరిగొస్తుంది, పొర చెడదు. గంటల తరబడి నొక్కితే జరిగేది యాంత్రికమైన దెబ్బ. నరం చుట్టూ కొవ్వుపొర మైలిన్, మధ్యమధ్యన కణుపులతో చెరకుగడలా ఉంటుంది. నొక్కుడు పడిన అంచుల దగ్గర ఆ పొర ముడుచుకుని పక్క కణుపులోకి దూరిపోతుంది. లోపలి తీగ బతికే ఉంటుంది కానీ కరెంటు ఆ చోటు దాటదు. కొత్త మైలిన్ వేసుకోవడానికి 6 నుంచి 12 వారాలు కావాలి. న్యూరోప్రాక్సియా అంటే ఇదే, సెడన్ 1943లో పెట్టిన పేరు. నొక్కుడు ఇంకా ఎక్కువైతే లోపలి తీగే తెగుతుంది, అది ఆక్సొనాట్‌మెసిస్. అప్పుడు తెగినచోటి నుంచి రోజుకు సుమారు 1 మిల్లీమీటరు చొప్పున మొలవాలి.

ఈ నరాన్నే ఎందుకు నొక్కుతుంది? కామన్ పెరోనియల్ నరం మోకాలి వెనక నుంచి పక్కకొచ్చి, ముంగాలి బయటి పక్కనుండే సన్న ఎముక ఫిబులా మెడ చుట్టూ తిరుగుతుంది. అక్కడ కింద ఎముక, పైన చర్మం, మధ్యలో కండ లేదు. ఆ వెంటనే పెరోనియస్ లాంగస్ కండరం తాలూకు గట్టి పట్టీ కిందికి దూరుతుంది. మోకాలు పూర్తిగా మడిస్తే తొడ వెనక స్నాయువు ఒక పక్క, ఎముక ఒక పక్క, ఆ పట్టీ పైన: మూడింటి నడుమ నరం. సన్నగా ఉన్నవాళ్లకూ, ఈమధ్య ఒళ్లు తగ్గినవాళ్లకూ, షుగర్ ఉన్నవాళ్లకూ ముప్పు ఎక్కువ. కాలు మీద కాలేసుకుని కూర్చోవడం, బిగుతైన పిండికట్టు, మత్తులో ఒకే పక్క పడుకోవడం, ఇవన్నీ అదే చోట దెబ్బ తీస్తాయి.

ఎక్కడుందో వేళ్లతో చూసుకోండి. మోకాలి బయటి పక్క, చిప్పకు నాలుగు వేళ్లు కిందా వెనకా, గుండ్రటి గడ్డ ఎముక తగులుతుంది. అది ఫిబులా తల. దాని కింద రెండు వేళ్ల దూరంలో వెనక నుంచి ముందుకు వేలు దొర్లిస్తే సన్నతాడులాంటిది జారుతుంది. గట్టిగా తట్టితే పాదం పైభాగానికి జుమ్మని పోతుంది. అదే నరం.

ఫిజియో_గుత్తి · మధ్యాహ్నం 1:15
పరీక్ష నేను రాస్తాను. పావుగంట చాలు, సుత్తి ఒకటుంటే మేలు.

ముందు నడక చూడండి, చెప్పులు విప్పించి గచ్చు మీద. టిబియాలిస్ ఆంటీరియర్ ప్రతి అడుగులో రెండుసార్లు పనిచేస్తుంది. మడమ ఆనగానే పాదాన్ని మెల్లగా దించడం ఒకటి, కాలు గాల్లో ఉన్నప్పుడు వేళ్లు నేలకు తగలకుండా ఎత్తి పట్టడం రెండోది. కొంచెం బలం తగ్గితే ముందు పోయేది మొదటిది: మడమ ఆనాక పాదం టప్పుమని పడుతుంది. కళ్లు మూసుకుని విన్నా ఏ కాలో తెలిసిపోతుంది. ఇంకా తగ్గితే మోకాలు పైకెత్తి, నీళ్లలో నడిచినట్టు నడుస్తారు, చెప్పు ముందంచు అరిగి ఉంటుంది. కాలు బిర్రుగా పెట్టి పక్కకు కొడవలిలా తిప్పుతూ నడిస్తే అది ఈ నరం కాదు, పైన మెదడో వెన్నుపామో.

తర్వాత మంచం అంచున కాళ్లు వేలాడేసి కూర్చోబెట్టండి.

పాదం పైకి, లోపలికి లాగమనండి. మీ చేత్తో పాదం పైభాగాన్ని కిందికి నొక్కండి. ఏ కదలికా లేకుంటే 0, కండ అదిరితే 1, పక్కకు తిప్పి పడుకోబెట్టి బరువు తీసేస్తే కదిలితే 2, బరువుకు ఎదురుగా పూర్తిగా లేస్తే 3, మీ నొక్కుడుకు కొంత ఆగితే 4, ఎదటి కాలిలా ఉంటే 5. అంకె రాసిపెట్టుకోండి, తేదీతో. "కొంచెం మేలు" అని రాస్తే రెండు వారాల తర్వాత దాంతో ఏ ఉపయోగమూ ఉండదు.

బొటనవేలు పైకి లేపమనండి. తర్వాత పాదం బయటికి తిప్పమనండి. ఈ మూడూ పోతే పెరోనియల్.

ఇక అసలు కీలకం పాదం లోపలికి తిప్పడం. ఇది వేరే నరం పని, టిబియల్ నరం. ఎల్5 వేరు నడుములో నొక్కుకుంటే ఇదీ పోతుంది, ఫిబులా దగ్గర నొక్కుకుంటే నిలుస్తుంది. ఒక చిక్కుంది. వాలిన పాదాన్ని అలాగే లోపలికి తిప్పమంటే పట్టు దొరక్క బలం లేనట్టే కనబడుతుంది. మీరే పాదాన్ని పైకి ఎత్తి పట్టుకుని, అప్పుడు తిప్పమనండి. ఈ ఒక్క తప్పు వల్ల నడుము ఎమ్మారై తీయించుకున్నవాళ్లు ఎందరో. అనుమానం తీరకుంటే పక్కకు పడుకోబెట్టి కాలు పైకెత్తమనండి. తుంటి పక్క కండరం కూడా తగ్గి ఉంటే ఎల్5 వేరే.

స్పర్శ: బొటనవేలికీ రెండో వేలికీ మధ్య సందు, పాదం పైభాగం, ముంగాలి బయటి పక్క కింది సగం. అరికాలు బాగుండాలి. అరికాలు కూడా మొద్దుబారితే ఈ లెక్క తప్పినట్టే, ఇంకా పైన వెతకాలి.

సుత్తి: మోకాలు దెబ్బ, మడమ దెబ్బ (సుత్తితో తట్టగానే కండ తనంతట ఎగరడం) రెండూ మామూలుగా ఉండాలి. మడమ దెబ్బ పోతే ఎల్5 కిందనుండే ఎస్1 వేరో, సయాటిక్ నరమో, షుగర్ నరాలో. మామూలు కంటే ఎగిరిపడుతూ, అరికాలు గీస్తే బొటనవేలు పైకి లేస్తే మెదడు, వెన్నుపాము వైపు చూడాలి.

హంద్రీ_గట్టు · మధ్యాహ్నం 1:50
గుత్తి అన్నా, ఆ లోపలికి తిప్పే సంగతి పటం గీసి గోడకు అంటించాల్సింది. మోకాలు దెబ్బ ఎగిరిపడటం దేనికి గుర్తో కూడా రెండు మాటలు చెప్తే కొత్తవాళ్లకు అర్థమవుతుంది.

పెన్న_ఒడ్డు · మధ్యాహ్నం 2:10
చిప్ప కింది స్నాయువును కొడితే తొడ కండరం టక్కున సాగుతుంది. కండరం లోపలి సాగుడు కొలిచే కదురులాంటి గ్రాహకం వెన్నుపాముకు చెబుతుంది, అక్కడ ఒకే ఒక్క సంధి, వెంటనే అదే కండరానికి ముడుచుకోమని తిరుగు కబురు. మెదడు అవసరం లేదు. మెదడు చేసేది ఈ వలయాన్ని అదుపులో పెట్టడం. పైనుంచి ఆ అదుపు తెగితే వలయం విచ్చలవిడిగా ఎగురుతుంది, వలయంలోనే తీగ తెగితే దెబ్బకు బదులే రాదు. పెరోనియల్ నరం ఈ రెండు వలయాల్లోనూ లేదు, అందుకే రెండూ నిలుస్తాయి. అదే కదురు నుంచి మరో కొమ్మ ఎదురు కండరాన్ని వదులు చేస్తుంది. పాదం ఎత్తేటప్పుడు పిక్క అడ్డుపడకపోవడం దాని పుణ్యం.

ఏ.ఎన్.ఎం_ఆదోని · మధ్యాహ్నం 3:25
సార్, కలుపు పని, నొక్కుడు ఏమీ లేకుండా పాదం వాలినవాళ్లు కూడా వస్తారు. వాళ్లలో మేం దేన్ని చూసుకోవాలి?

నరాల_వార్డు · మధ్యాహ్నం 4:00
మేడం, మంచి ప్రశ్న. మన దేశంలో పాదం వాలితే కుష్టు అడగకుండా వదలకూడదు. కుష్టు బాక్టీరియా ఒంట్లో చల్లగా, చర్మానికి దగ్గరగా ఉండే నరాలను ఎంచుకుంటుంది. మోచేతి వెనక అల్నార్, ఫిబులా మెడ దగ్గర పెరోనియల్, చీలమండ లోపలి పక్క టిబియల్. రెండు కాళ్ల నరాలూ ఒకేసారి తడిమి పోల్చండి. ఒక పక్క తాడులా లావెక్కి, నొక్కితే నొప్పి ఉంటే అనుమానించండి. తర్వాత బట్టలు తీయించి వెలుతుర్లో మచ్చలు వెతకండి, వీపు, పిరుదులతో సహా. చర్మం కన్నా పాలిపోయినదో, ఎర్రబారినదో, మొద్దుబారిన మచ్చ. చాలామంది అది తమకే తెలియకుండా మోస్తుంటారు.

మందులు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం. నరం పనిచేయకపోవడం మొదలై 6 నెలలు దాటకముందే వస్తే స్టెరాయిడ్ కోర్సుతో కొంత బలం తిరిగొచ్చే వీలుంది. ఆ తర్వాత వచ్చినవాళ్లకు నరం కోసం ఎదురుచూడటం కన్నా శస్త్రచికిత్స మేలు: లోపలికి తిప్పే టిబియాలిస్ పోస్టీరియర్ స్నాయువును ముందుకు తెచ్చి పాదం ఎత్తేలా కుడతారు.

కొల్లేరు_కాదు · సాయంత్రం 5:12
బి12 సూదులు వారానికొకటి వేస్తే అన్నిటికీ పనిచేస్తుందని మా మెడికల్ షాపాయన అంటాడు.

నరాల_వార్డు · సాయంత్రం 5:30
రక్తంలో బి12 తక్కువున్నవాళ్లకు పనిచేస్తుంది. దాని లోపంలో రెండు పాదాలకూ కలిపి తిమ్మిరి, తూలు ఉంటాయి, ఒక పాదం ఒక్కరోజులో వాలదు. ఎముకకూ పట్టీకీ మధ్య నలిగిన నరానికి సూది ఏం చేస్తుంది?

మిల్లీవోల్ట్ · రాత్రి 7:05
నెర్వ్ కండక్షన్ టెస్ట్ చేసేవాడిగా కొన్ని మాటలు.

పడిపోయిన రెండో రోజే పరిగెత్తుకొస్తారు. రావద్దనను గానీ ఆ రోజు ఫలితం సగమే చెబుతుంది. తీగ తెగినా కింది ముక్క వారం దాకా కరెంటు పంపుతూనే ఉంటుంది కాబట్టి తెగిందో, పొర మాత్రమే చెడిందో విడదీయలేం. 3 వారాలకు చేస్తే తేటతెల్లం. అప్పటికి తీగ తెగి ఉంటే సూది పరీక్షలో (కండలో సన్న సూది గుచ్చి దాని కరెంటు చూసేది) కండరం తనంతట తానే అదురుతుంటుంది, ఫిబ్రిలేషన్లు.

ఎట్ల చేస్తామంటే, చీలమండ దగ్గర, ఫిబులా తల కింద, మోకాలి వెనక, ఈ మూడుచోట్ల షాకిచ్చి కండరం జవాబు కొలుస్తాం. కింది రెండు చోట్లా జవాబు బాగుండి, మోకాలి వెనక షాకుకు సగానికి పైగా పడిపోతే నొక్కుడు ఫిబులా మెడ దగ్గరే. కింద జవాబు బాగుందంటే తీగ బతికుందన్నమాట, మంచి కబురు. కింద కూడా తగ్గితే కొన్ని తీగలు తెగాయి.

తప్పులు రెండు. ఒకటి, ఏసీ గదిలో కాళ్లు చల్లబడటం. చర్మం 32 డిగ్రీల కన్నా తగ్గితే ఒక్కో డిగ్రీకి వేగం సెకనుకు 2 మీటర్ల దాకా పడిపోతుంది, మంచి నరానికీ జబ్బు రాసేస్తారు. వేడినీళ్ల గుడ్డ చుట్టి మళ్లీ తీయాలి. రెండోది, పాదం పైనుండే చిన్న కండరం మీద మాత్రమే కొలవడం. చెప్పుల రాపిడికి అది జబ్బు లేనివాళ్లలోనూ అరిగిపోయి ఉంటుంది. టిబియాలిస్ ఆంటీరియర్ మీద కూడా తీయమని అడగండి. సూది పరీక్షలో తొడ వెనక బైసెప్స్ ఫిమోరిస్ పొట్టి తలను తప్పక చూడాలి. పెరోనియల్ పోగులతో మోకాలికి పైన నడిచేది అదొక్కటే. అది చెడితే దెబ్బ ఫిబులా దగ్గర కాదు, తొడలోనే.

ఫిజియో_గుత్తి · రాత్రి 8:10
ఇక పని.

మొదటి రోజు నుంచే ఆ భంగిమ బంద్. గొంతుక్కూర్చోవడం, కాలు మీద కాలు, బాసింపట్టు, మూడూ మానాలి. నరం దగ్గర నూనె పెట్టి గట్టిగా తోమించుకోవడం కూడా నొక్కుడే. మరుగుదొడ్డి కుండీ నేలమట్టంలో ఉంటే కుర్చీ అమర్చుకోండి.

పాదం వాలి ఉంటే పిక్క లాగుడుకు ఎదురులేదు, కొన్ని వారాల్లో మడమ స్నాయువు పొట్టిదైపోతుంది. నరం తిరిగొచ్చాక పాదం లేవకపోవడానికి అదే కారణమవుతుంది, చాలాసార్లు చూసే అన్యాయం ఇది. తువ్వాలు పాదం కింద వేసి మీ వైపు లాగండి, మోకాలు చాపి 30 సెకన్లు, మోకాలు కొద్దిగా మడిచి 30 సెకన్లు. ఒక్కోటి 5 సార్లు, రోజుకు మూడు పూటలు. చాపినప్పుడు సాగేది పైపిక్క, మడిచినప్పుడు లోపిక్క, ఒకటి చేసి ఇంకోటి వదిలితే లాభం సగమే.

బలం 0, 1 ఉన్నప్పుడు రెండు పాదాలూ కలిపి ఎత్తే ప్రయత్నం, ఒక్కోటి 5 సెకన్లు, పదిసార్లు. 2 అయితే పక్కకు పడుకుని. 3 వస్తే కుర్చీలో కూర్చుని మడమ ఆనించి వేళ్లు ఎత్తడం, 10 చొప్పున 3 దఫాలు. 4 వచ్చాకే రబ్బరు పట్టీ. మరుసటి రోజుకు కూడా కండ అలిసే ఉంటే ముందురోజు ఎక్కువ చేయించినట్టు, మూడో వంతు తగ్గించండి.

మిల్లీవోల్ట్ · రాత్రి 8:25
కరెంటు పెట్టించుకోవడం గురించి గుత్తి అన్న ఏమంటాడు? ప్రతి క్లినిక్‌లో అదే మొదటి మందు.

ఫిజియో_గుత్తి · రాత్రి 8:48
పెట్టేది ఏదో తెలిసి పెట్టాలి. ఫారడిక్ కరెంటు తునక మిల్లీసెకను లోపే, అది నరాన్ని మాత్రమే లేపగలదు. ఫిబులా మెడ కింద పెడితే పది పన్నెండు రోజుల తర్వాత కూడా పాదం లేస్తే కింది తీగ బతికుందని తెలుస్తుంది. అంటే అదే చిన్న పరీక్ష కూడా. తీగ చచ్చిపోయిన కండకు ఫారడిక్ ఎంత పెంచినా చర్మం మంటే. దానికి 100 మిల్లీసెకన్ల పైబడిన గాల్వానిక్ తునకలు కావాలి. అవి పెడితే నరం త్వరగా మొలుస్తుందనడానికి గట్టి ఆధారం లేదు. నా లెక్కలో డబ్బు స్ప్లింటుకు పెట్టడం మేలు.

పక్షవాతంతో వాలిన పాదం వేరే కథ. కింది నరం చెక్కుచెదరదు కాబట్టి మడమ నేల విడవగానే ఫిబులా మెడ మీద కరెంటు కొట్టే యంత్రాన్ని లిబెర్సన్ 1961లోనే చూపించాడు. మీట చెప్పులో మడమ కింద ఉంటుంది. ఒకరికి ప్రాణం పోసే పరికరం ఇంకొకరికి దండగ. తెగిన చోటు తెలియకుంటే ఇట్లాగే ఉంటుంది.

కాలి_పట్టీలు_కర్నూలు · రాత్రి 9:20
స్ప్లింటు మాట వచ్చింది కాబట్టి. ఏఎఫ్ఓ, అంటే చీలమండనూ పాదాన్నీ పట్టి ఉంచే స్ప్లింటు, పాలీప్రొపిలీన్‌తో పోస్తాం. చీలమండ కచ్చితంగా 90 డిగ్రీల్లో పెట్టి అచ్చు తీయాలి. పేషెంట్‌ను పడుకోబెట్టి తీస్తే పాదం జారి 100 అయిపోతుంది, అచ్చులో తేడా కనబడదు, నడకలో వేళ్లు తగులుతాయి.

పై అంచు ఫిబులా మెడకు కనీసం రెండు వేళ్లు కింద ఆగాలి. మార్కెట్లో రెడీమేడ్‌ది కొంటే పొట్టివాళ్లకు సరిగ్గా ఆ నరం మీదే అంచు కూర్చుంటుంది. నొక్కుకున్న నరానికి వైద్యమని తెచ్చి మళ్లీ అదే నరాన్ని నొక్కడం. అంచు మీద పైపట్టీ బిగించేటప్పుడు కూడా ఒక వేలు దూరాలి.

కొత్తది మొదటిరోజు అరగంట వేసి తీసి చూడండి. ఎర్రమచ్చ 20 నిమిషాలకూ పోకుంటే అక్కడ వేడిచేసి ఉబ్బించాలి, తెచ్చుకోండి, దూది కుక్కొద్దు. షుగర్, కుష్టువాళ్లు రోజూ అద్దం పెట్టి అరికాలు చూసుకోవాలి. హవాయి చెప్పుతో ఇది నడవదు. వెనక పట్టీ ఉన్న శాండిల్, మామూలు సైజు కన్నా ఒకటి పెద్దది.

గండికోట_గాలి · రాత్రి 9:45
రెండు పాదాలూ ఒకేసారి వాలితే?

నరాల_వార్డు · రాత్రి 10:15
అప్పుడు కలుపు పని మీదికి నెట్టకూడదు.

గంటల్లో, రోజుల్లో పాదాల నుంచి పైకి పాకుతూ, సుత్తి దెబ్బలు పోతే జీబీఎస్ (గిలాన్ బారె సిండ్రోమ్). ఊపిరి కండరాలు పోవచ్చు, అదే రోజు పెద్దాసుపత్రి. మూత్రం ఆగిపోయి, కూర్చునే చోట మొద్దుబారితే నడుములో నరాల గుత్తి నలిగింది, అదీ ఆ రోజే. రాత్రి నేలమీద పడుకుని లేచాక ముందు కనురెప్పలు వాలి, తర్వాత మింగుడు, ఊపిరి తగ్గితే కట్లపాము. కాటు గుర్తు, నొప్పి కనబడకపోవచ్చు. దాని విషం నరం కొసనే పాడుచేస్తుంది, ఆలస్యమైతే విరుగుడు ఇచ్చినా కొస మళ్లీ మొలిచేదాకా వెంటిలేటరే దిక్కు. నాగుపాము విషం అవతలి గట్టున, కండరం మీది గ్రాహకాలను మూస్తుంది, అందుకే ఎసిటైల్‌కోలిన్‌ను ఎక్కువసేపు నిలిపే నియోస్టిగ్మిన్ అనే మందు దానికి పనిచేస్తుంది.

పురుగుమందు మింగినవాళ్ల సంగతి. మొదటి గంటల్లో చొంగ, చెమట, కండలు అదరడం. తేరుకున్నారని సంబరపడేలోపు, 24 నుంచి 96 గంటల మధ్య మెడ ఎత్తలేకపోవడం మొదలైతే ఊపిరి పడిపోబోతోందని అర్థం. దిండు మీంచి తల లేపమని పూటకోసారి అడగండి, అంతకన్నా చవకైన పరీక్ష లేదు. కొన్ని ఆర్గానోఫాస్ఫేట్లు ఇంకోటి చేస్తాయి: ఇంటికి పంపాక 2, 3 వారాలకు పిక్కలు పట్టేసి, తిమ్మిరెక్కి, రెండు పాదాలూ వాలతాయి. పొడవైన నరాలు కొసల నుంచి ఎండిపోవడం అది. మందు తాగిన సంగతి దాచడం వల్ల ఇది నెలలపాటు దొరకదు.

ఆకుతోట_42 · మర్నాడు ఉదయం 6:15
మా వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఉంది. పెద్దవాళ్లు కాళ్లు బిగుసుకుని నడుస్తారు. అదీ ఇదేనా?

నరాల_వార్డు · మర్నాడు ఉదయం 7:00
కాదు. అందులో వెన్నెముక గట్టిపడి, లోపలి సందు ఇరుకై, వెన్నుపాము నలుగుతుంది. కాళ్లు వాలవు, బిగుస్తాయి, దెబ్బలు ఎగురుతాయి, బొటనవేలు పైకి లేస్తుంది. మెడ వంచలేకపోవడం తోడుంటే ముందు నీళ్లు పరీక్ష చేయించండి, లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు.

వేరు_నేల · మర్నాడు ఉదయం 7:40
వ్యవసాయం వైపు నుంచి ఒక మాట. అసలు అన్ని గంటలు గొంతుక్కూర్చోకుండా చేయొచ్చు. సాళ్ల మధ్య 30 సెంటీమీటర్లుంటే, విత్తిన 20 రోజులకూ 35 రోజులకూ గుంటక గానీ చక్రాల దంతె గానీ తోలితే సాళ్ల నడుమ కలుపు నిలబడే తీసేయొచ్చు, చేత్తో తీయాల్సింది మొక్కల మధ్యదే. 45 రోజులు దాటాక, ఊడలు దిగేటప్పుడు నేల కదపకూడదు, కాయ పడదు. అప్పుడు చేతికలుపే గతి, ముప్పు ఉండేదీ అప్పుడే.

ఫిజియో_గుత్తి · మర్నాడు ఉదయం 8:05
ఆ పది పదిహేను రోజులకు: ఐదారు అంగుళాల పీట, మోకాలు పూర్తిగా మడత పడదు. పావుగంటకోసారి లేచి సాలు చివరిదాకా నడిచి రావడం. పాదం పైన జుమ్మంటే ఆ సాలు పూర్తి చేద్దామని కూర్చోవద్దు.

ఏ.ఎన్.ఎం_ఆదోని · మర్నాడు ఉదయం 8:30
లేచాక వెంటనే చూసుకోవడానికి ఒక్కటే పరీక్ష చెప్పమంటే?

ఫిజియో_గుత్తి · మర్నాడు ఉదయం 8:34
మడమల మీద పదడుగులు, మేడం. వేళ్లు నేలకు తగలకుండా నడవగలిగితే మళ్లీ పనిలోకి పోవచ్చు. ఒక పక్క వేళ్లు దిగిపోతే ఆ రోజు కూలి అక్కడితో ఆపి పాదం చూపించుకోవాలి.